పాత పికప్‌కు వెనక ఎయిర్ బెలూన్లు బిగించడం: కొలతల నుంచి బ్రేకు సర్దుబాటు వరకు

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి కోతలు మొదలైనప్పుడల్లా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతుంటారు: పాత పికప్ వెనక కుంగిపోతోంది, బస్సులకు ఉన్నట్టు గాలి సస్పెన్షన్ పెట్టించవచ్చా, పెట్టిస్తే ఏ వరుసలో చేయాలి? వెనక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), నిచ్చెన ఆకారపు ఛాసిస్, 12 వోల్టుల బ్యాటరీ ఉన్న టాటా 207, పాత మహీంద్రా పికప్ వంటి బండ్లను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. తీరిగ్గా చేసుకుంటే రెండు రోజుల పని. అందులో మొదటి రోజు సగం కొలతలకే పోతుంది, పోవాలి కూడా.

1. ఏ పద్ధతి అనేది ముందే తేల్చుకోవాలి

గాలి సస్పెన్షన్ రెండు రకాలుగా పెడతారు. మొదటి దానిలో కమాన్లను పూర్తిగా తీసేసి బరువంతా గాలి మీదే మోపుతారు. రెండో దానిలో కమాన్లను అలాగే ఉంచి, యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య రెండు పక్కలా చిన్న బెలూన్లను సాయంగా పెడతారు.

సరుకు బండికి నేను రెండో పద్ధతినే సూచిస్తాను. కమాను చేసేది బరువు మోయడం ఒక్కటే కాదు, యాక్సిల్ ముందుకూ వెనక్కూ పక్కలకూ జరగకుండా పట్టి ఉంచేదీ అదే. దాన్ని తీసేస్తే ఆ పట్టు కోసం లింకు రాడ్లు, వాటికి కొత్త బ్రాకెట్లు, ఇంజను బలాన్ని వెనక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం లెక్క అన్నీ మళ్లీ కట్టుకోవాలి. పైగా సాయం బెలూన్ దారిలో పగిలితే బండి పాత కమాన్ల మీద కుంగి నిలబడుతుంది. పూర్తి గాలి మీద ఉన్న బండి ఒక్కసారిగా కూలబడుతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిపోయేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు కనుక, సామాను కొనకముందే మీ రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును అడిగి, ఆయన సరేనన్న తరువాతే డబ్బు ఖర్చు పెట్టండి. విప్పదీసేందుకు వీలుగా బోల్టులతో బిగించే బ్రాకెట్లనే ఎంచుకోమనడానికి ఇదీ ఒక కారణం.

బెలూన్లు పెట్టినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. యాక్సిల్, హబ్బు బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే.

2. కొలతలు తీసే పద్ధతి

బెలూన్ కొని తెచ్చి, దానికి చోటు వెతకడం మొదలుపెట్టిన వాళ్లే చివరకు ఛాసిస్ కోసే దాకా వెళ్తారు. కొలతలు ముందు, కొనుగోలు తరువాత.

సిమెంటు గచ్చు చదునుగా ఉన్న చోట బండి నిలపండి. మేస్త్రీలు వాడే రసమట్టంతో గచ్చును ఒకసారి చూసుకుంటే మంచిది. బెలూన్ కూర్చోబోయే చోట యాక్సిల్ పైభాగం నుంచి ఛాసిస్ అడుగు వరకు ఉన్న దూరాన్ని నాలుగు స్థితుల్లో రాసుకోవాలి. నా బండిలో వచ్చిన అంకెలు ఉదాహరణకు ఇస్తున్నాను, మీ బండివి వేరుగా ఉంటాయి.

- ఖాళీ బండి: 19 సెం.మీ.
- మామూలుగా వేసే లోడుతో: 12 సెం.మీ.
- యాక్సిల్ వచ్చి బంపు రబ్బరుకు (ఛాసిస్ అడుగున దెబ్బ ఆపే రబ్బరు దిమ్మెకు) తగిలినప్పుడు: 8 సెం.మీ.
- ఛాసిస్‌ను లేపి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు: 24 సెం.మీ.

పై, కింది బ్రాకెట్ల మందం కలుపుకుని బెలూన్ పూర్తిగా అణగినప్పటి ఎత్తు మూడో అంకె కంటే తక్కువ ఉండాలి, పూర్తిగా సాగినప్పటి ఎత్తు నాలుగో అంకె కంటే ఎక్కువ ఉండాలి. మొదటి షరతు తప్పితే గుంతలో పడ్డప్పుడు బెలూన్ నలుగుతుంది. రెండోది తప్పితే చక్రం వేలాడిన ప్రతిసారీ బెలూనే యాక్సిల్ బరువును లాగి పట్టుకుని అంచు దగ్గర చిరుగుతుంది. చక్రం కిందికి దిగడాన్ని ఆపాల్సింది షాక్ అబ్జార్బర్ గానీ ప్రత్యేకంగా కట్టిన పట్టీ గానీ, బెలూన్ ఎప్పుడూ కాదు.

తరువాత ధర్మకాంటకు వెళ్లండి. వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేట్టు నిలిపి, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూకం వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి.

బెలూన్ ఎంత మోస్తుందో లెక్క తేలికే: లోపలి పీడనాన్ని దాని పనిచేసే వైశాల్యంతో గుణించాలి. పనిచేసే వ్యాసం 12.5 సెం.మీ. ఉన్న బెలూన్ వైశాల్యం దాదాపు 123 చదరపు సెం.మీ. అందులో 50 పీఎస్ఐ గాలి, అంటే పంక్చర్ షాపులో అనే 50 పాయింట్లు, చదరపు సెం.మీ.కు 3.5 కిలోల బలం. ఒక్కో బెలూన్ సుమారు 430 కిలోలు పడుతుంది. అణిగేకొద్దీ, సాగేకొద్దీ ఈ వైశాల్యం మారుతుంది కాబట్టి దీన్ని అంచనాగానే తీసుకోండి. మీ లెక్కలో బెలూన్‌పై ముద్రించిన గరిష్ఠ పీడనంలో 70 శాతానికి మించి అవసరం వస్తున్నదంటే, కావలసింది పెద్ద బెలూన్ కాదు, తక్కువ లోడు.

3. పాత కమాన్లను బాగు చేసుకోవడం

గాలి కమాను జబ్బును దాచిపెడుతుందే గానీ నయం చేయదు. ఇది దాటవేసి నేరుగా బెలూన్లకు వెళ్లిన బండ్లు నెల తిరగకముందే మళ్లీ షెడ్డుకు వస్తాయి.

- ప్రతి పట్టీని వైరు బ్రష్‌తో రుద్ది, అడ్డంగా సన్నని తుప్పు గీత ఉన్నదేమో చూడండి. ఆ గీతే పగులు.
- పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ కొద్దిగా వెనక్కు జరుగుతుంది. రెండు పక్కలా కమాను ముందు కన్ను (కొసన పిన్ను దూరే చుట్ట) నుంచి యాక్సిల్ దాకా కొలిచి పోల్చండి.
- కమాను వెనక కొసను ఛాసిస్‌కు వేలాడదీసే షాకిల్ బుష్షులు, పిన్నులు ఊగుతున్నాయేమో గడ్డపారతో లేపి చూడండి.
- ఖాళీ బండి ఎడమ కుడి ఎత్తుల్లో సెంటీమీటరుకు మించి తేడా ఉంటే ముందు కమాన్ల వంపు సరిచేయించండి.
- షాక్ అబ్జార్బర్‌కు నూనె తడి ఉంటే జతగా మార్చండి.

4. సామాను

రెండు బెలూన్లు, పై కింది బ్రాకెట్లు, 8.8 అని తలపై బలం గుర్తు అచ్చు ఉన్న బోల్టులు, కంపనానికి వదులుకాని నైలాక్ నట్లు, గాలి నింపే వాల్వులు రెండు, ఫిట్టింగులు, గొట్టం, క్లిప్పులు, రబ్బరు గ్రామెట్లు, రెడాక్సైడ్.

గొట్టం విషయంలో పొదుపు వద్దు. వర్క్‌షాపుల్లో గాలి గన్నులకు వాడే మెత్తని నీలం పీయూ (పాలియురెథేన్) గొట్టం బండి కింద వేడికి మెత్తబడి, ఫిట్టింగులోంచి జారిపోతుంది. లారీ ఎయిర్ బ్రేకులకు వాడే గట్టి నైలాన్ గొట్టమే కొనండి. సూర్యాపేట, జడ్చర్ల వంటి జాతీయ రహదారి ఊళ్లలో లారీ సామాను అమ్మే దుకాణంలో అడగండి. గొట్టం కొలత, ఫిట్టింగు కొలత రెండూ మిల్లీమీటర్లలోనో, రెండూ అంగుళాల్లోనో ఒకే లెక్కలో ఉండాలి. పావు అంగుళం గొట్టం 6 మి.మీ. ఫిట్టింగులోకి సరిగ్గా పోదు, 8 మి.మీ. ఫిట్టింగులో నిలవదు.

5. బండి లేపడం

ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డాలు పెట్టి, గేరులో వేయండి. వెనక భాగాన్ని జాకీతో లేపి, ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. యాక్సిల్ కింద జాకీని విడిగా ఉంచుకుంటే దాన్ని పైకీ కిందికీ కదిపి ఆ నాలుగు ఎత్తులనూ అక్కడే పరీక్షించవచ్చు. బండరాళ్ల మీద, పేర్చిన ఇటుకల మీద బండి నిలిపి కిందికి దూరడం మన దగ్గర మామూలైపోయింది. రాయి పగిలేటప్పుడు ముందుగా చెప్పదు.

వెల్డింగు పని ఏదైనా ఉంటే బ్యాటరీ తీగలు విప్పి, బెలూన్లు లేనప్పుడే ముగించండి. కమాను పట్టీ మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెల్డింగు పెట్టకూడదు. పానమెక్కించిన ఉక్కు ఆ వేడికి గుణం పోగొట్టుకుని, సరిగ్గా ఆ చోటే విరుగుతుంది.

6. బ్రాకెట్లు, బెలూన్లు

ముందు ఏ రంధ్రమూ వేయకుండా బ్రాకెట్లను క్లాంపులతో పట్టించి, ఖాళీ బెలూన్‌ను మధ్యలో ఉంచి, జాకీతో యాక్సిల్‌ను పైనుంచి కింది దాకా కదపండి. పై పలక, కింది పలక ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వాటి నడిమి బిందువుల మధ్య తేడా సెంటీమీటరు దాటకూడదు. యాక్సిల్ నిట్టనిలువుగా కదలదు, కమానుతో పాటు వంపులో కదులుతుంది. అందుకే ఒక్క ఎత్తులో చూసి సరిపోయిందనుకోకూడదు.

బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు తీగ బ్రాకెట్ కింద నలుగుతున్నాయేమో చేతితో తడిమి చూడండి. సైలెన్సర్ పైపుకు కనీసం 15 సెం.మీ. దూరం ఉండాలి. లేకపోతే మధ్యలో రేకు కవచం కట్టాలి.

గాలి నింపిన బెలూన్ చుట్టూ అన్ని వైపులా 2.5 సెం.మీ. ఖాళీ కావాలి. ఈ కొలతను లోడు మీద కూడా తీయాలి, ఎందుకంటే బరువు పడితే టైరు లోపలి పక్క ఉబ్బుతుంది, బెలూన్ నడుమూ ఉబ్బుతుంది. ఖాళీ బండిలో వేలు దూరే సందు, లోడుతో కాగితం దూరని సందు అవుతుంది.

ఛాసిస్‌కు రంధ్రం తప్పనిసరైతే నిలువు గోడలోనే వేయాలి, పై అంచులోనూ కింది అంచులోనూ వేయకూడదు. ఛాసిస్ వంగేటప్పుడు ఆ అంచులే ఎక్కువ బలం తీసుకుంటాయి. రంధ్రం అంచులను ఆకురాయితో నునుపు చేసి, రెడాక్సైడ్ పూసి, ఆరిన తరువాత బోల్టు వేయండి.

బిగించే వరుస ఇది: కింది బ్రాకెట్, దానిపై బెలూన్, పై బ్రాకెట్. అన్నీ చేతి బిగువు మీద ఉంచి, యాక్సిల్‌ను ఖాళీ బండి ఎత్తుకు తెచ్చి, అప్పుడు మాత్రమే స్పానరు వేయండి. కమానును యాక్సిల్‌కు పట్టి ఉంచే యు బోల్టులు విప్పాల్సి వస్తే పాతవి మళ్లీ వాడకండి. కొత్తవి వేసి, బండి కంపెనీ చెప్పిన టార్కుకు (బిగువు కొలతకు), ఎదురెదురు మూలలు మార్చి మార్చి బిగించండి.

7. గొట్టాలు: ఎక్కువ లీకులు పుట్టేది ఇక్కడే

మొదటిసారి నేను ఈ పని చేయించినప్పుడు సాయంత్రం దాకా అంతా బాగానే ఉంది. మర్నాడు పొద్దున డ్రైవరు ఫోను చేసి, "అన్నా, బండి ఎడమకు వంగింది జూడు" అన్నాడు. విప్పి చూస్తే గొట్టాన్ని కటింగ్ ప్లేయరుతో కోశారు. గుండ్రంగా ఉండాల్సిన కొస కోడిగుడ్డు ఆకారంలో నలిగి, ఫిట్టింగు లోపలి రబ్బరు రింగును ఒక పక్క మాత్రమే తాకుతోంది. కంటికి ఆనని ఆ సందులోంచి రాత్రంతా గాలి పోయింది.

అందుకే ఈ వరుస పాటించండి.

- కొత్త బ్లేడుతో, చెక్క మీద పెట్టి, గొట్టానికి సరిగ్గా అడ్డంగా కోయాలి. ఏటవాలు కోత పనికిరాదు.
- కొసలోని చెత్తను ఊది, పై అంచును గోటితో తడిమి చూడాలి. గీత తగిలితే మళ్లీ కోయాలి.
- ఫిట్టింగు లోతును విడిగా కొలిచి, గొట్టం మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు కనిపించకుండా పోయేదాకా నెట్టాలి.
- నెట్టిన తరువాత గట్టిగా వెనక్కు లాగి చూడాలి. రాకూడదు.
- మరలు ఉన్న ఫిట్టింగులకు మాత్రమే టెఫ్లాన్ టేపు. మొదటి మరను వదిలి చుట్టండి, లేకపోతే తెగిన టేపు ముక్క వాల్వులో చిక్కుకుంటుంది.
- అడుగుకొక క్లిప్పు, ఇనుములోంచి పోయే ప్రతి చోటా గ్రామెట్. యాక్సిల్ కదిలే చోట కొంత వదులు ఉంచాలి.

రెండు బెలూన్లను ఒకే గొట్టంతో కలపవద్దు. కలిపితే మలుపులో బరువు పడిన పక్క గాలి తేలికైన పక్కకు పోయి, బండి ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. బత్తాయి బస్తాలను ఒక పక్క ఎత్తుగా వేసే అలవాటున్న చోట ఇది మరీ ప్రమాదం. ఎడమకు ఒక వాల్వు, కుడికి ఒక వాల్వు విడివిడిగా ఉండాలి.

8. కంప్రెసర్ అవసరమా?

చాలామందికి అవసరం లేదనే నా అభిప్రాయం. ట్రాక్టరు టైర్లకు గాలి పట్టే యంత్రం ఇంటి దగ్గర ఉన్నవాళ్లు, రోజూ పంక్చర్ షాపు ముందునుంచే పోయేవాళ్లు మూడు నెలలు చేతితో నింపి నడపండి. ఒకే రోజులో చాలాసార్లు లోడు ఎక్కి దిగే బండికైతే అప్పుడు కంప్రెసర్ ఆలోచించవచ్చు.

పెట్టేటప్పుడు దాన్ని చక్రం నీళ్లు చిమ్మని ఎత్తులో, గాలి పీల్చే మూతి దుమ్ముకు దూరంగా ఉండేట్టు బిగించాలి. మా ఎర్ర చెల్కల దుమ్ముకు ఆ ఫిల్టరు నెలకే మూసుకుపోతుంది. బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు, కరెంటంతా స్విచ్చు మీద పడకుండా మధ్యలో రిలే, కంప్రెసర్ లాగే కరెంటుకు తగిన మందం తీగ ఉండాలి. కంప్రెసర్‌తో పాటు గాలి ట్యాంకు కూడా పెడితే దాని అడుగున నీళ్లు వదిలే మర ఉండాలి. వారానికోసారి దాన్ని తిప్పండి.

9. లీకు పరీక్ష

బండిని దింపాక రెండు పక్కలా 70 పీఎస్ఐ నింపి, ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్లు పూయండి. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఎంత గరుకంటే సబ్బు నురగే రాదు, విరిగిపోయి తెల్లని తెట్టు కడుతుంది. నురగ రాకపోతే బుడగా రాదు, లీకు లేదని మోసపోతాం. ఫిల్టరు ప్లాంటు నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి వాడండి.

తరువాత రాత్రంతా వదిలి, మర్నాడు అదే వేళకు మళ్లీ కొలవండి. వేళ ముఖ్యం, ఎందుకంటే 20 డిగ్రీల ఎండ పెరిగితే 50 పీఎస్ఐ గాలి దానంతటదే నాలుగు పాయింట్లు పెరుగుతుంది. పొద్దున్నే నింపి మధ్యాహ్నం కొలిచి లీకు లేదని తేల్చకూడదు.

10. బ్రేకు వాల్వు

ఈ ఒక్క అంశం కోసమే ఇంత రాశానన్నా తప్పులేదు, దీన్ని పట్టించుకోకుండా బెలూన్లు బిగించినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీది ఒక వాల్వుకు సన్నని కడ్డీ గానీ స్ప్రింగు గానీ ఉంటుంది. దాని పేరు లోడ్ సెన్సింగ్ వాల్వు. బండి కుంగితే లోడు ఉందని అర్థం చేసుకుని వెనక బ్రేకులకు ఎక్కువ నూనె ఒత్తిడి పంపుతుంది, బండి ఎత్తుగా ఉంటే ఖాళీ అనుకుని తగ్గిస్తుంది. బెలూన్లతో లోడు బండిని ఖాళీ ఎత్తుకు లేపామంటే ఆ వాల్వును మనమే మోసం చేసినట్టు. టన్ను సరుకు మీద ఉన్నా వెనక బ్రేకు ఖాళీ బండిదే పనిచేస్తుంది, బరువంతా ముందు బ్రేకుల మీద పడుతుంది, ఆగే దూరం పెరుగుతుంది.

కడ్డీని సాగదీసి సర్దుకుంటే సరిపోతుందని కొందరంటారు. లోడు కోసం అలా సర్దితే ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు పట్టేసి, వాన రోడ్డు మీద బండి వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. రెండిటికీ మధ్యేమార్గం ఒకటే: లోడుతో కుంగిన ఎత్తునంతా తిరిగి లేపకూడదు. నా బండి లోడుతో 7 సెం.మీ. కుంగేది. బెలూన్లతో అందులో 3 మాత్రమే వెనక్కు తెచ్చుకుని ఆపాను. ఆ తరువాత బ్రేకు మెకానిక్ దగ్గర, మీటరు పెట్టి, ఖాళీగానూ లోడుతోనూ వెనక బ్రేకు ఒత్తిడిని కంపెనీ అంకెలతో సరిపోల్చి చూపించుకోవాలి. సరిపోలకపోతే గాలి ఇంకా తగ్గించాలి.

11. రోడ్డు మీద మొదటి వారం

ఖాళీగా ఉన్నప్పుడు బెలూన్ తయారీదారు చెప్పిన కనీస గాలి, సాధారణంగా 5 నుంచి 10 పీఎస్ఐ, ఎప్పుడూ ఉండాలి. అసలే గాలి లేకుండా నడిపితే రబ్బరు మడతపడి రెండు పలకల మధ్య నలుగుతుంది. లోడు ఎక్కాక ఐదేసి పాయింట్లు పెంచుతూ, ప్రతిసారీ ఎత్తు కొలిచి, అనుకున్న చోట ఆపండి. సరుకు దించగానే గాలి తగ్గించడం మరిచిపోతే బండి బంతిలా ఎగురుతుంది.

మొదటి 50 కి.మీ. తరువాత ఒకసారి, 500 కి.మీ. తరువాత మరోసారి అన్ని బోల్టులనూ టార్కుతో చూడాలి. ముందు లైట్ల వెలుతురు ఎత్తు మారి ఉంటుంది, గోడ మీద వేసి సరిచేసుకోండి.

12. తరచుగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

బండి ఒక పక్కకు వంగడం: ముందు ఆ పక్క ఫిట్టింగులకు సబ్బు నీళ్లు. లీకు లేకపోతే కమాను పట్టీ విరిగి ఉంటుంది. గాలి పెంచి లెవెల్ చేయవద్దు.

వేగం 60 దాటాక కింద కంపనం: ఎత్తు మారి ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారింది. గాలి తగ్గించి చూడండి, పోతే అదే కారణం. పోకపోతే ఆ షాఫ్ట్ కీళ్లలోని క్రాస్ బేరింగులు చూడండి.

లోడు ఉన్నా ఖాళీ బండిలా కొట్టడం: గాలి ఎక్కువైంది, లేదా షాక్ అబ్జార్బర్ పని అయిపోయింది.

గుంతలో టక్‌మని శబ్దం: పై బ్రాకెట్ వదులైంది, లేదా బంపు రబ్బరు తీసేసి మళ్లీ పెట్టలేదు. బెలూన్ లోపల బంపు రబ్బరు ఉన్న రకం కాకపోతే పాతది ఉండి తీరాలి.

బెలూన్ మీద సన్నని నల్ల పొడి: ఏదో ఒకదానికి రాసుకుంటోంది. ఆ రోజే బండి ఆపి, ఏది తగులుతోందో చూసి, సందు పెంచాలి. రబ్బరులోని దారం కనిపిస్తే పంక్చర్ అతికించే ప్రయత్నం చేయకండి, మార్చేయాలి.

కడిగేటప్పుడు డీజిలు, కిరోసిన్, గ్రీజు బెలూన్ల మీద పడనీయకండి. కమాన్లకు నూనె కొట్టించేటప్పుడు రెండు బెలూన్లకూ గోనెపట్టా కప్పి, పని అయ్యాక తీసేసి ఒట్టి సబ్బు నీళ్లతో కడిగితే చాలు.